తూము మూసిన రాత్రులు

బొంబాయి రోడ్డు మీద పటాన్‌చెరు దాటాక కుడిచేతి వైపు దిగితే మొదట ఈతవనం, తర్వాత చెరుకు మళ్ళు, వాటి వెనుక నక్కవాగు. వాగు దాటితే మా ఊరు. 1970ల చివర్లో అక్కడ వంతెన లేదు. వానాకాలం వాగు నిండుగా పారితే పంతులు రాడు, పోస్టు రాదు, పట్నం నుంచి చుట్టాలు రారు. ఎండాకాలం వాగు సన్నటి పాయ అయ్యేది. అప్పుడది పిల్లలది, ఆడవాళ్ళది. ఇసుకలో మోచేతి లోతు చెలిమె తీస్తే నీళ్ళు ఊరేవి. మొదట ఊరినవి మట్టిగా ఉంటాయని పారబోసి, రెండోసారి ఊరినవి ముంతతో కడవకు ఎత్తేవాళ్ళు. ఊరి నడుమ చేదబావి ఉన్నా, పప్పు మెత్తగా ఉడకాలంటే చెలిమె నీళ్ళే కావాలని మా నాయనమ్మ పట్టు. అందుకని బడికి పోయే ముందు నాకు ఒక చిన్న బిందె పని ఉండేది.

ఊరికి ఎగువన వాగుకు అడ్డంగా కత్వ. పెద్ద బండలు, నడుమ మట్టి, తుంగ. వానలకు తెగిన చోట్లు దసరా వెళ్ళాక ఊరంతా కలిసి పూడ్చుకునేవాళ్ళు, ఇంటికొక మనిషి చొప్పున. కత్వ పక్క నుంచి కాలువ, కాలువ మొదట్లో తూము, తూముకు టేకు చెక్క తలుపు. ఆ తలుపు ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో, ఎవరి మడికి ఎంత సేపు నీళ్ళు పోవాలో చూసేవాడు నీరటి కాక. ఆయన దగ్గర గడియారం లేదు. పగలు నీడ చూసి, రాత్రి చుక్కలు చూసి వంతు మార్చేవాడు. కోతలయ్యాక ప్రతి కళ్ళంలోనూ ఆయన పాలు వడ్లు కొలిచి పక్కకు పెట్టేవాళ్ళు. వంతు దగ్గర అన్నదమ్ములు కొట్టుకున్న సందర్భాలున్నాయి గానీ, నీరటి కాక మాటకు ఎదురు చెప్పినవాణ్ణి నేను చూడలేదు.

కత్వ కింద మడుగులో కొర్రమట్టలు, జెల్లలు, పరకలు. రాళ్ళ సందుల్లో ఎండ్రికాయలు. ఆదివారం మధ్యాహ్నం మా మేనత్త కొడుకులు పాత చీర చెరో కొస పట్టుకుని పరకలు పట్టేవాళ్ళు. చింతచిగురు వేసి వండిన ఆ పరకల పులుసు జొన్నరొట్టెతో తిన్న రుచి ఇప్పటికీ నాకు గుర్తే.

ఆ దశాబ్దం నడుమలోనే పటాన్‌చెరులో పారిశ్రామికవాడ మొదలైంది. ఎందుకు అక్కడే అన్నది నాకు చాలా ఏళ్ళ తర్వాత, సైన్సు పాఠాలు చెప్పుకునే రోజుల్లో అర్థమైంది. 1970 నాటి పేటెంటు చట్టంతో, మందు మీద కాక తయారు చేసే పద్ధతి మీద మాత్రమే హక్కు మిగిలింది. వేరే పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చు. బాలానగర్‌లో కేంద్రప్రభుత్వ ఐడీపీఎల్ కర్మాగారం అప్పటికే నడుస్తోంది, ఆ పని తెలిసిన రసాయన నిపుణులు హైదరాబాదులో ఉన్నారు. మెదక్ వెనుకబడిన జిల్లా కనుక రాయితీలున్నాయి. రాజధాని ముప్పై కిలోమీటర్ల లోపు, పక్కనే జాతీయ రహదారి, కింద భూగర్భ జలం, పల్లానికి పారే ఒక వాగు. ఇన్ని అనుకూలతల్లో ఆ చివరిదాన్ని ఎవరూ కాగితం మీద రాసి ఉండరు. కానీ మురుగు పోవడానికి అన్నిటికంటే చవకైన దారి అదే.

మా ఊరు ఫ్యాక్టరీలను సంతోషంగానే రానిచ్చింది. అది చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి నిలబడితే మా నాయన భుజం మీద కూర్చుని నేనూ రోడ్డు దాకా పోయాను. మన ఎంపీయే దేశానికి ప్రధాని, ఇక మన పిల్లలకు కొలువులే కొలువులని అందరూ అనుకున్నారు. మా చిన్నాయనకు నిజంగానే కొలువు దొరికింది. మందుల ముడిసరుకు చేసే ఒక కంపెనీలో కూలీగా చేరాడు. మొదటి జీతంతో నాకు గౌను కొన్నాడు. ఆయన ఇంటికి వస్తే ముందు వాసన వచ్చేది. ఎన్నిసార్లు తలంటుకున్నా ఆ వాసన పోలేదు. చిన్నమ్మ ఆయన బట్టలు వేరే బకెట్లో నానబెట్టేది.

కంపెనీ నుంచి ఖాళీ పీపాలు కూడా వచ్చేవి. గట్టి సరుకు, చవక. కొందరు నీళ్ళు పట్టుకున్నారు, కొందరు వడ్లు పోసుకున్నారు. పీపా మీద పుర్రె బొమ్మ, దాని కింద ఇంగ్లీషు. మా నాయనమ్మకు చదువు రాదు. కానీ పీపాలోకి తల పెట్టి ఒక్కసారి వాసన చూసి, "ఇది ఇంట్లకు రావద్దు" అని గడప బయటే ఆపేసింది. మా ఇంట్లో ప్రమాదాన్ని గుర్తించి అడ్డుకున్న మొదటి మనిషి ఆమే.

వాగు మారడం ఒక్క రోజులో జరగలేదు. నాకు గుర్తున్న మొదటి గుర్తు తొలకరిది. మృగశిర కార్తెలో మొదటి గట్టి వాన పడిన మర్నాడు మడుగులో చేపలు వెల్లకిలా తేలాయి. చిన్నవీ పెద్దవీ కూడా. కొందరు ఏరుకుని వండుకుని వాంతులు చేసుకున్నారు. పెద్దవాళ్ళు కొత్త నీటి దోషమన్నారు. మరుసటి ఏడు కూడా అదే వాన, అవే చేపలు. ఈసారి నీళ్ళు ఎర్రగా, అంచుల్లో నురగగా వచ్చాయి. మా తాత ఒడ్డున కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత కర్ర అందుకుని, నా వైపు తిరిగి, "వాసన యాడికెళ్ళి వస్తుందో సూద్దాం, నడువు బిడ్డా" అన్నాడు.

ఆ నడక నా చదువులన్నిటికీ మొదలు. తాత వాగులోనే, నీటికి ఎదురుగా నడిచాడు. వాగులోకి వచ్చి కలిసే ప్రతి ఒర్రె దగ్గర ఆగాడు. కలిసే చోటుకు పైన వాగు నీళ్ళు ఒకసారి, ఒర్రె నీళ్ళు ఒకసారి దోసిట్లోకి తీసుకుని వాసన చూసేవాడు. నోట్లో పోసుకోలేదు, నన్నూ పోసుకోనివ్వలేదు. నన్ను రాళ్ళు తిరగేయమన్నాడు. రాయి కింద నత్త ఉందా, పచ్చటి పాచి ఉందా, కప్పపిల్లలు ఉన్నాయా చెప్పమన్నాడు. మొదటి ఒర్రె మంచిది. రెండోది మంచిది. మూడో ఒర్రె కలిసే చోట వాగులో పైన నత్తలున్నాయి, కింద లేవు. ఒర్రెలో అసలే లేవు. రాళ్ళ మీద చేయి పెడితే జారే జిగురు తప్ప ఏమీ లేదు. ఆ ఒర్రె పట్టుకుని పోయాం. తుమ్మచెట్లు దాటాక ఒక ప్రహరీ గోడ, గోడ కింద నుంచి ఒక సిమెంటు పైపు. వెచ్చటి నీళ్ళు, కళ్ళు మండే వాసన.

తాత దాని నోటికి చేయి అడ్డం పెట్టి కొలిచాడు. జానన్నర.

"గింత బొక్కకెళ్ళేనా! మన తూముకు తలుపున్నట్టు దీనికి తలుపు పెట్టుకోరాదా?"

కాలుష్యం గురించి ఆ తర్వాత నేను చదివిన పుస్తకాల్లో ఇంతకంటే సూటి ప్రశ్న నాకు కనబడలేదు. గాలిలో దుమ్ము వేయి చోట్ల నుంచి వస్తుంది, పొలాల మీది మందులు వేయి మళ్ళ నుంచి కారతాయి. వాటిని పట్టడం కష్టం. ఇక్కడ మాత్రం చిరునామా ఉంది. వేలు పెట్టి చూపించవచ్చు. గోడ లోపల ఉన్నంతసేపు అది కొన్ని ట్యాంకుల నీళ్ళు, వాటిలో ఏముందో చేసినవాళ్ళకు తెలుసు. పైపు దాటి ఒర్రెలోకి, ఒర్రె నుంచి వాగులోకి, వాగు నుంచి కాలువలోకి, కాలువ నుంచి మడిలోకి, మడి నుంచి బావిలోకి పోయాక దాన్ని మళ్ళీ ఏరి ఒక చోట పెట్టగల మనిషి లేడు. ప్రతి అడుగుకీ పని వంద రెట్లు పెరుగుతుంది. ఆ పని చేయాల్సిన చేతులు మాత్రం మారిపోతాయి. పైపు దగ్గర అది కంపెనీ పని. కత్వ దగ్గరకు వచ్చేసరికి అది నీరటి కాక పని అయింది.

గోడ దగ్గర కాపలా మనిషి పక్క ఊరివాడే. "నేనేం జేయాలె పెద్దయ్యా, నన్నే లోపలికి పోనియ్యరు" అన్నాడు. తర్వాత ఊరి పెద్దలు నలుగురూ కలిసి పోతే లోపలి పెద్దమనిషి ఒకాయన బయటికి వచ్చి, వాగులో కలిస్తే పలచబడిపోతుందని, భయపడవద్దని చెప్పి పంపాడట. వానాకాలం ఆ మాటలో కొంత నిజం ఉండొచ్చు. మార్గశిరం దాటాక వాగులో పారేదే ఆ నీళ్ళు. దేనిలో పలచబడాలి? పైగా ఉప్పులు, లోహాలు పలచబడినా పోవు. మడిలో నీరు ఆవిరైతే అవి అక్కడే మిగులుతాయి.

ఇక ఊరు తన జాగ్రత్త తాను చూసుకోవడం మొదలుపెట్టింది. అప్పటి మా ఊరి తెలివిని ఎవరూ ఎక్కడా రాయలేదు, అందుకే నేను రాస్తున్నాను.

నీళ్ళు ఎక్కువగా రాత్రిపూటే వదిలేవాళ్ళు. వాన పడే రాత్రి అయితే ఇంకా ధైర్యంగా. ఫ్యాక్టరీ ఆవరణల్లో తవ్విన మట్టి గుంటల్లో నిలవబెట్టిన మురుగు వాన పేరు చెప్పి గట్టు తెంచుకునేది. అందుకని నీరటి కాక పొద్దుగూకగానే తూము తలుపు దించేసేవాడు. పూర్వం రాత్రి వంతులే మంచివి, ఎండ లేక నీళ్ళు దూరం పారతాయని. ఆ రాత్రి వంతులన్నీ పోయాయి. మరి తెల్లవారి తలుపు ఎత్తవచ్చో లేదో ఎట్లా తెలియాలి? రంగు చూసి చెప్పలేం, కొన్ని రోజులు నీళ్ళు తేటగానే ఉండి బర్రెల నోళ్ళు పుండ్లయ్యాయి. కాక ఒక ఉపాయం చేశాడు. తూముకు ముందర మోకాలి లోతు గుంట తీసి, వాగు నీళ్ళు సన్నగా దానిలోకి పోయి మళ్ళీ వాగులో పడేట్టు బాట చేశాడు. మాకు, అంటే పిల్లలకు, పని అప్పగించాడు: ఊరవతల కుంటలో, వాగు నీళ్ళు తగలని కుంటలో, పరకలు పట్టి తేవాలి. సాయంత్రం వాటిని గుంటలో వదిలేవాళ్ళం. తెల్లవారుజామున కాక లాంతరు పట్టుకుని చూసేవాడు. పరకలు ఈదుతుంటే తలుపు లేస్తుంది. తేలితే లేవదు. తేలిన పొద్దున ఆయన గట్టెక్కి "నీళ్ళు బందో..." అని కేకేసేవాడు. ఆ కేక ఒక మడి నుంచి ఇంకో మడికి, అక్కడి నుంచి గొల్లల మందకు, చాకలి రేవుకు, ఊళ్ళోకి అందేది. అమ్మ కడవ మళ్ళీ గోడకు బోర్లించేది.

పెద్దయ్యాక పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లో ఒక పరీక్ష గురించి చదివి ఆగిపోయాను. శుద్ధి చేసి వదిలే నీటిలో, ఏమీ కలపకుండా, చేపలను ఉంచాలి. 96 గంటల తర్వాత నూటికి తొంభై బతికి ఉండాలి. నీరటి కాక గుంట అదే కదా! తేడా ఒక్కటే. నిబంధన ప్రకారం ఆ చేపలు ఉండాల్సింది ఫ్యాక్టరీ గోడ లోపల.

చిన్నాయన తన వంతు సాయం తాను చేశాడు. అన్నం తింటూ చిన్నమ్మతో మెల్లగా అనేవాడు: "రేపు రాత్రి ట్యాంకులు కడుగుతరంట." చిన్నమ్మ ఆ మాట మా అమ్మకు, అమ్మ తాతకు. ఎవరు చెప్పారని తాత అడగడు. తన అన్నం ఆ కొలువు మీద, తండ్రి పంట ఆ వాగు మీద ఉన్న మనిషి అంతకంటే ఏం చేయగలడు? మా ఇంట్లో ఈ విషయం మీద కేకలు లేవు, ఒకరినొకరు నిందించుకున్నది లేదు. ఇప్పుడు ఆలోచిస్తే అది మా అమ్మ, చిన్నమ్మల గొప్పతనం.

చేపల గుంట వెంటనే చంపే విషాన్ని పట్టేది. మెల్లగా చంపేదాన్ని పట్టలేకపోయింది. వాగు కింది మళ్ళ గట్లు తెల్లగా పూయడం మొదలుపెట్టాయి. చౌడు అనుకుని మట్టి తోలారు. వరి పచ్చగానే లేచి, కంకి వచ్చేసరికి తాలు. పండిన కొద్ది వడ్లు కూడా మిల్లువాళ్ళు వద్దన్నారు, నక్కవాగు కింది వడ్లంటే ధర సగం. పొద్దున వండిన అన్నం రాత్రికి జిగురు సాగేది. కడుపుతో ఉన్న బర్రెలు నెలలు నిండకుండానే ఈనేశాయి, దూడ ఒక్కటీ దక్కేది కాదు. గొర్రెలు మందలకు మందలు పోయిన గొల్లలు ఊరు వదిలి సిటీ వైపు కూలికి పోయారు.

తర్వాత బావులు. వాటి వరస నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ముందు చాకలి రేవు పక్క బావి. తర్వాత మా జామతోట బావి. తర్వాత గుడి వెనుక మోటబావి. వాగుకు దగ్గర ఉన్నది ముందు పాడవుతుందని అందరం అనుకున్నాం. కానీ జామతోట బావి కంటే వాగుకు దగ్గరగా ఉన్న ఒక పాత దిగుడు బావి ఇంకా రెండేళ్ళు మంచిగానే ఉంది. కారణం కరెంటు మోటరు. జామతోటలో మోటరు రోజంతా నడిచేది. బావి ఖాళీ అయ్యే కొద్దీ చుట్టుపక్కల భూమిలోంచి నీటిని లాగుతుంది, దానితో పాటు వాగు మురుగునూ లాగుతుంది. దిగుడు బావిలో నీళ్ళు చేదేవాళ్ళే తక్కువ. భూమి లోపల నీరు నడిచే వేగం చాలా తక్కువ కనుక, ఒకసారి చేరిన విషం వదలడానికి తరాలు పట్టొచ్చని ఆ రోజుల్లో మాకు చెప్పినవాళ్ళు లేరు. చెడిన బావి గిలకకు తాత వేపకొమ్మ కట్టేవాడు. అది చూసి బాటసారులు కూడా చేద వేయకుండా పోయేవాళ్ళు. ఏ బావి ఏ నెలలో చెడిందో, ఏ పొద్దున పరకలు తేలాయో ఆయన పాత పద్దు పుస్తకంలో రాసుకున్నాడు, తిథులతో సహా.

సద్దుల బతుకమ్మ నాడు మా ఊరి ఆడవాళ్ళు ఎప్పుడూ వాగుకే పోయేవాళ్ళు. తంగేడు, గునుగు, కట్ల పూలు పేర్చిన బతుకమ్మలను కత్వ మీది నిలవ నీటిలో వదిలి, అక్కడే సద్దులు పంచుకుని, ఆ నీళ్ళే నోట్లో వేసుకుని ఇంటికి వచ్చేవాళ్ళు. ఒక ఏడు నాయనమ్మ పూలు పేరుస్తూ పేరుస్తూ, "ఆ నీళ్ళల్ల తల్లిని ఎట్ల ఇడుస్తం?" అంది. ఎవరూ మాట్లాడలేదు. ఆ సాయంత్రం వరస వాగు వైపు కాక ఊరవతల కుంట వైపు తిరిగింది. పరకలు బతికి ఉన్న కుంట అది. పాటలు అవే, దారే మారింది. నాకు అప్పుడు పది పన్నెండేళ్ళు. ఊరు ఏం పోగొట్టుకుందో నాకు ఆ దారిలో నడుస్తుంటే తెలిసింది. తాలు వడ్లు చూసినప్పుడు కూడా అంత తెలియలేదు.

ఆ కాలంలోనే పటాన్‌చెరులో డాక్టర్ అల్లాని కిషన్‌రావు పేరు ఊరూరా వినబడసాగింది. ఆయన వైద్యుడు. చర్మం మీద పుండ్లతో, వదలని దగ్గుతో వచ్చే మనుషులు ఏ వాగు ఒడ్డు నుంచి వస్తున్నారో గమనించి, మందు రాసి ఊరుకోకుండా రోడ్డు మీదికి వచ్చిన మనిషి. దశాబ్దాల పాటు రైతులతో కలిసి తిరిగాడు. పల్లెవాళ్ళ మాటను కాగితం మీద పెట్టగలిగిన ఇలాంటి కొందరి వల్లే సంగతి ఢిల్లీ దాకా పోయింది. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ సుప్రీంకోర్టులో కేసు వేసింది. నష్టం ఎంతో తేల్చమని కోర్టు జిల్లా జడ్జిని అడిగింది. మా తాత పద్దు పుస్తకం అప్పుడు అట్ట ఊడిపోయి, బియ్యం గుడ్డలో చుట్టి ఉంది. ఊరివాళ్ళు ఆ తేదీలు చూసుకునే తమ నష్టం చెప్పుకున్నారు. రైతులకు పరిహారం ఇవ్వాలని, ఊళ్ళకు తాగునీళ్ళు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. మా ఊళ్ళోకి నల్లా నీళ్ళు వచ్చిన రోజు నాయనమ్మ ఒక చెంబెడు తాగి, ఈ నీళ్ళకు పప్పు ఉడుకుతుందని ఒప్పుకుంది. పరిహారం డబ్బులు ఒక పంటకు సరిపోయాయేమో. భూమికి సరిపోలేదు. 2001లో కేసు హైకోర్టుకు వెళ్ళింది, తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు. తాత అప్పటికి లేడు.

1990ల నడుమ చిన్నా పెద్దా కంపెనీల మురుగంతా ఒక చోట శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం వచ్చింది. ఒక్కో కంపెనీకి సొంత శుద్ధి యంత్రాలు కట్టే స్తోమత లేదు కనుక ఆలోచన సరైనదే. కంపెనీల నుంచి మురుగు ట్యాంకర్లలో వస్తుంది, అక్కడ సూక్ష్మజీవులు దానిలోని మలినాలను తింటాయి, తేరిన నీళ్ళు బయటికి పోతాయి. అయితే సూక్ష్మజీవులు ఉప్పును తినలేవు. పైగా ఇక్కడ వచ్చేది సూక్ష్మజీవులను చంపడానికే తయారు చేసే మందుల మురుగు. 2007లో స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం ఒక లెక్క ప్రచురించింది. దాదాపు 90 మందుల కంపెనీల మురుగు చేరే ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనబడింది. మందు మింగిన మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ. రోజుకు దాదాపు 45 కిలోలు పోతున్నట్టు వాళ్ళ అంచనా. అలాంటి నీటిలో బతికి బట్టకట్టిన సూక్ష్మజీవి ఆ మందుకు లొంగదు. ఇక దాని ప్రమాదం నక్కవాగు ఒడ్డున ఆగదు, ఏ ఊరి ఆస్పత్రికైనా చేరుతుంది. ఆ వ్యాసం చదువుతున్నప్పుడు నాకు చాకలి రేవులో మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడే ఆడవాళ్ళు కళ్ళ ముందు మెదిలారు.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామికవాడలకు వందకు ఇన్ని అని మార్కులు వేసింది. 70 దాటితే తీవ్రంగా కలుషితమైన ప్రాంతం. పటాన్‌చెరు-బొల్లారానికి 70.07. ఆ ఉమ్మడి కేంద్రం నీళ్ళను వాగులోకి వదలకుండా 18 కిలోమీటర్ల పైపు వేసి హైదరాబాదు మురుగుకాలువలో కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు కూడా జరిగింది. దానితో వాగుకు కొంత ఊపిరి వచ్చిన మాట నిజం. కానీ ఉప్పూ మందుల శేషమూ నగరం మురుగులో కలిసినంత మాత్రాన మాయం కావు. అంబర్‌పేట తర్వాత మూసీ ఉంది, మూసీ కింద కూడా వరి మళ్ళున్నాయి, అక్కడా నీరటివాళ్ళున్నారు. ప్రమాదాన్ని ఒక ఊరి నుంచి ఎత్తి ఇంకో ఊళ్ళో దించడాన్ని నేను పరిష్కారం అనలేను.

పరిష్కారం ఎక్కడుందో తెలియక కాదు. ఉప్పు ఎక్కువ ఉన్న మురుగును, తక్కువ ఉన్నదాన్ని మొదట్లోనే, ఫ్యాక్టరీ లోపలే వేరు చేయాలి. ఉప్పుదాన్ని ఆవిరి యంత్రాల్లో మరిగించి నీరు వెనక్కి తీసుకోవాలి, మిగిలిన గడ్డను దుండిగల్ లాంటి చోట విషవ్యర్థాల కోసం కట్టిన గుంతల్లో భద్రం చేయాలి. ద్రావకాలను పట్టి మళ్ళీ వాడుకోవాలి. కొన్ని పెద్ద కంపెనీలు ఒక చుక్క బయటికి పోకుండా నడుపుతున్నాయి కూడా. అంటే చేయవచ్చు. ఖర్చవుతుంది. ఆ ఖర్చు గోడ లోపల పెట్టకపోతే బయట ఒక బర్రె, ఒక బావి, ఒక పంట రూపంలో ఎవరో పెడుతూనే ఉంటారు. మందుల మురుగులో యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో చెప్పే హద్దులతో 2020లో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ హద్దులు లేవు. నాకు దీని మీద కోపం ఉంది, దాచుకోను.

ఇప్పుడు మా ఊరికి వంతెన ఉంది. కత్వ తెగిపోయింది, మళ్ళీ కట్టలేదు. కాలువ ఆనవాళ్ళ మీద ప్లాట్ల రాళ్ళు పాతారు. మా మేనత్త మనవడు, ఇంకో ఐదారుగురు పిల్లలు వానాకాలం రాత్రుల్లో వంతుల వారీగా వాగు దగ్గర కూర్చుంటున్నారు. నీటిలో ఉప్పు చూపించే చిన్న మీటరు కొన్నారు, కలం అంత ఉంటుంది. అంకె పెరిగితే ఫొటో తీసి అధికారులకు పంపుతారు, ట్యాంకరు కనబడితే దాని నంబరు కూడా. ఒక్కోసారి వాళ్ళు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుపోతారు. ఆ సీసాల ఫలితం ఊరికి తిరిగి రాదు.

ప్రమాదకర రసాయనాలు వాడే ప్రతి ఫ్యాక్టరీ, తన దగ్గర ఏమున్నాయో, నీటిలోకి గాలిలోకి ఏం వదులుతోందో బయట బోర్డు మీద రాసి పెట్టాలని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. బోర్డులున్నాయి. మెయిన్ గేటు పక్కన, హైవే వైపు తిరిగి, చాలా చోట్ల ఇంగ్లీషులో. మా ఊరు ఫ్యాక్టరీలకు వెనుక వైపు. పోయినసారి గ్రామసభలో నేను అడిగిందీ, పంచాయతీ తీర్మానం రాసి పంపిందీ ఇంతే: అదే బోర్డు ఇంకొకటి వెనుక గోడకు, పైపు ఉన్న వైపు, వాగు కనబడేట్టు పెట్టండి. తెలుగులో రాయండి, ఆ రోజు తేదీ వేసి. దానిలో అంకె తప్పో ఒప్పో మా పిల్లలు మీటరు పెట్టి పక్కన సుద్దతో రాస్తారు.